బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి: నొప్పి తగ్గాలి, ఊపిరి మాత్రం తగ్గకూడదు

ఈ ఎపిసోడ్ కాస్త పెద్దదే, ముందే చెప్పేస్తున్నా. శంషాబాద్‌లో బస్సెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆరాంఘర్ చౌరస్తా దాటేలోపు సగం అయిపోతుంది. మిగతా సగం ఇంటికెళ్లాక వినండి.

ఇవ్వాళ్టి టాపిక్ బరువు తగ్గే ఆపరేషన్. బేరియాట్రిక్ సర్జరీ అంటారు. అయితే నేను ఆపరేషన్ గురించి చెప్పట్లేదు. ఎన్ని కిలోలు తగ్గుతారు, ఎంత ఖర్చవుతుంది, ఇవన్నీ మీ ఫోన్‌లో రోజూ చూస్తూనే ఉన్నారు. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి గురించి ఎవరూ రీల్ చెయ్యరు. నేను మత్తు డాక్టర్ని కాబట్టి నాకు ఆ రాత్రే ముఖ్యం. పేషెంటుకి నొప్పి ఉంటుంది, నొప్పికి మందు ఇస్తాం, ఆ మందుల్లో కొన్ని ఊపిరి మీద దెబ్బ కొడతాయి. ఈ రెండిటి మధ్యలో దారి ఎలా వెతుకుతామన్నదే ఇవ్వాళ్టి మాట.

ఎయిర్‌పోర్ట్ ఏరియాలో ఉన్నవాళ్లకి ఈ సబ్జెక్ట్ ఎందుకంటే, 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలయ్యాక ఊరి టైమ్‌టేబులే మారిపోయింది. కార్గో, గ్రౌండ్ హ్యాండ్లింగ్, సెక్యూరిటీ, క్యాబులు, హోటళ్లు, అన్నీ 24 గంటలూ నడిచేవే. రాత్రి 2 గంటలకు బిర్యానీ, పొద్దున 7కి నిద్ర, సాయంత్రం లేచాక చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు. ఒళ్లు పెరగక ఏమవుతుంది? మనమే కాదు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సుమారు 30 శాతం మంది ఆడవాళ్లు ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. మగవాళ్లు ఇంకాస్త ఎక్కువే. ఇంకోటి, గల్ఫ్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి చాలామంది ఇదే విమానాశ్రయంలో దిగి, హైదరాబాద్‌లో వైద్యం చేయించుకుని, మళ్లీ ఇక్కడి నుంచే ఫ్లైటెక్కుతారు. ఆ ఫ్లైటెక్కేటప్పుడు జేబులో ఏ మాత్రలున్నాయన్నది కూడా మన టాపిక్‌లో భాగమే. దాన్ని చివర్లో చెప్తా.

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. 29 ఏళ్లు, కార్గోలో నైట్ షిఫ్ట్. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 140 కిలోలు. అంటే బీఎంఐ 51 దాటింది. షుగర్ ఉంది, బీపీ ఉంది, పడుకుంటే పక్క గదిలోకి వినిపించేంత గురక. "మావాడు హాయిగా నిద్రపోతాడండీ, గురక పెట్టి మరీ" అని వాళ్లమ్మ అంటుంది. ఆ గురక హాయి నిద్ర కాదమ్మా. ఆ సంగతికి వస్తా. ఇతనికి స్లీవ్ ఆపరేషన్ చేస్తున్నారు అనుకోండి. పొట్టలో సంచిలా ఉండే జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్‌తో కోసి, 75 నుంచి 80 శాతం తీసేసి, అరటికాయంత గొట్టంలా మిగులుస్తారు. పెద్ద కోత ఉండదు. నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపి చేస్తారు.

"చిన్న రంధ్రాలే కదా, నొప్పేముంటుంది?" అని అడుగుతారు. నొప్పి మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది ఆ రంధ్రాల దగ్గర, చర్మం, కండ కోసిన చోట. ఇది సూదితో పొడిచినట్టు, ఎక్కడుందో వేలు పెట్టి చూపించేలా ఉంటుంది. రెండోది లోపల, కోసిన జీర్ణాశయం నుంచి. ఇది వేలు పెట్టి చూపించలేని నొప్పి. పట్టేసినట్టు, పిండినట్టు, వికారంతో కలిసి వస్తుంది. మూడోది చాలామందిని భయపెట్టేది: భుజం నొప్పి. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొప్పెడుతుంది? కెమెరాకి లోపల కనపడాలని పొట్టను కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో ఉబ్బిస్తారు. అప్పుడు ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే పొర సాగుతుంది. ఆ పొరకెళ్లే నరమూ, భుజం చర్మానికెళ్లే నరాలూ మెడ దగ్గర ఒకే చోటు నుంచి బయల్దేరతాయి. మెదడు కన్ఫ్యూజ్ అయ్యి "భుజం నొప్పి" అని చెప్తుంది. రాత్రిపూట ఇది మొదలైతే ఇంట్లోవాళ్లు "గుండెపోటేమో" అని నర్సు దగ్గరకు పరిగెడతారు. పరిగెత్తండి, తప్పులేదు, ఒకసారి చూసి చెప్తారు. చాలావరకు గ్యాస్‌దే అయ్యుంటుంది. లేచి నాలుగడుగులు వేస్తుంటే ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది.

ఈ మూడు నొప్పులకీ పాత పద్ధతిలో ఒకటే మందు: ఓపియాయిడ్. గసగసాల మొక్క నుంచి తీసే నల్లమందు కుటుంబం. మార్ఫిన్, కోడీన్ ఆ మొక్క నుంచే వస్తాయి. ఫెంటానిల్, ట్రమడాల్ ఫ్యాక్టరీలో తయారవుతాయి, పని చేసే దారి మాత్రం దాదాపు అదే. నొప్పి తగ్గించడంలో వీటికి సాటి లేదు. ఒప్పుకోవాలి. కానీ ఇవి మెదడు అడుగుభాగంలో "ఊపిరి తీసుకో" అని ఆర్డర్ వేసే చోట కూడా కూర్చుంటాయి. మామూలుగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆ సెంటర్ వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది. ఓపియాయిడ్ ఎక్కువైతే ఆ సెంటర్ కునుకు తీస్తుంది. నిమిషానికి 14 సార్లు పీల్చే మనిషి 8 సార్లే పీలుస్తాడు. నొప్పి లేదు కాబట్టి ప్రశాంతంగా కనపడతాడు. పక్కన కూర్చున్న చుట్టానికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు మన కుర్రాడి గురక దగ్గరకు రండి. బరువు బాగా ఎక్కువున్నవాళ్లలో చాలామందికి నిద్రలో గొంతు వెనక భాగం మూసుకుపోతుంటుంది. స్లీప్ ఆప్నియా అంటారు. పెద్ద గురక, తర్వాత పది, ఇరవై సెకండ్లు నిశ్శబ్దం, మళ్లీ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు గాలి లాగడం. ఆ ఉలిక్కిపాటే అతన్ని రోజూ కాపాడుతోంది. ఓపియాయిడ్ ఇస్తే ఆ ఉలిక్కిపాటు మొద్దుబారిపోతుంది. అందుకే మేం మత్తు డాక్టర్లం 140 కిలోల మనిషికి మామూలు మనిషి కంటే ఎక్కువ మార్ఫిన్ ఇవ్వడానికి వెనకాడతాం. శరీరం పెద్దది కదా, డోసు కూడా పెద్దదే ఉండాలి కదా అని బయటివాళ్లకి అనిపిస్తుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

ఊపిరి ఒక్కటే కాదు. ఓపియాయిడ్ వల్ల వాంతులు. కొత్తగా స్టేపుల్ చేసిన గొట్టం లాంటి జీర్ణాశయంతో వాంతి చేసుకోవడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. మలబద్ధకం. మగతగా ఉండి మంచం దిగకపోవడం. మంచం దిగకపోతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డ కట్టే రిస్క్. ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. అంటే నొప్పి మందు నిర్ణయం ఒక్కటే, దాని మీద ఆధారపడేవి నాలుగు.

ఇక్కడ చిన్న పక్కదారి పడతా, ఎందుకంటే ఇది మన ఊరి కథ. "ముందు ఊపిరి చూడు" అన్న మాట మీద హైదరాబాద్‌లో ప్రపంచం మొత్తం చర్చించుకున్న పని ఒకటి జరిగింది. 1888, 1889లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ టైమ్. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. అప్పట్లో ఆపరేషన్లకి క్లోరోఫాం వాడేవారు. కొందరు టేబుల్ మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెా, ఊపిరా అని డాక్టర్లలో పెద్ద గొడవ. నిజాం డబ్బిచ్చి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పెట్టించాడు. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్‌ని ఇక్కడికి రప్పించారు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి లారీ చెప్పింది ఏంటంటే, ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తర్వాత, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి చూడండి అని. తర్వాత 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, మత్తు తక్కువగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను కూడా చెడగొట్టి చంపగలదని చూపించాడు. అంటే లారీ గారి వాదన సగమే నిలబడింది. కానీ ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న ఆ సగం మాత్రం ఇప్పటికీ మా పనికి పునాది. ఇంకో సంగతి, అదే కాలంలో ఇక్కడి వైద్య పాఠశాలలో చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్తారు. 1909లో ఆవిడ ఎడిన్‌బరోకి వెళ్లి పై చదువు చదివారు. మన ఊళ్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? సరే, టాపిక్‌లోకి వచ్చేద్దాం.

ఓపియాయిడ్ తగ్గించాలంటే నొప్పిని మెదడు దగ్గర కాకుండా దారిలోనే ఆపాలి. దానికే లోకల్ అనస్థీషియా మందులు. పన్ను పీకేటప్పుడు చిగుళ్లకి ఇంజెక్షన్ ఇస్తే పెదవి మొద్దుబారిపోయి, నీళ్లు తాగితే కారిపోతాయి చూడండి, ఆ జాతి మందులే. 1884లో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌కి కొకైన్ చుక్కలు వాడి ఈ కథ మొదలుపెట్టాడు. అవును, ఆ కొకైనే. తర్వాత దాని మత్తు, వ్యసనం లేని మందులు తయారుచేశారు. 1943లో స్వీడన్‌లో లిడోకైన్ వచ్చింది. మన మెడికల్ షాపుల్లో జైలోకైన్ అంటారు కదా, అదే. 1957లో బుపివకైన్. ఆ తర్వాత రోపివకైన్. పొట్ట ఆపరేషన్లలో ఈ చివరి రెండూ ఎక్కువ వాడతాం, ఎందుకంటే లిడోకైన్ కంటే ఎక్కువ సేపు పనిచేస్తాయి.

ఎలా పనిచేస్తాయి అంటే, నరంలో నొప్పి కబురు కరెంటులా పోతుంది. ఆ కరెంటు పుట్టాలంటే సోడియం నరం గోడలో ఉన్న గేట్ల గుండా లోపలికి దూకాలి. ఈ మందు ఆ గేట్లను మూసేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద టోల్ గేటు దించేస్తే బళ్లు వెనకే ఆగిపోతాయి కదా. కోసిన చోట గాయం ఉంటుంది, కబురు బయల్దేరుతుంది, మెదడుకి చేరదు. మందు తగ్గాక గేటు మళ్లీ లేస్తుంది. నరానికి శాశ్వతంగా ఏమీ కాదు.

మందు ఎక్కడ పెట్టాలన్నది అసలు పని. సింపుల్ పద్ధతి, సర్జన్ పెట్టే ఒక్కో రంధ్రం చుట్టూ ఇంజెక్షన్ ఇవ్వడం. ఖర్చు దాదాపు లేదు, టైమ్ రెండు మూడు నిమిషాలు. దాని కంటే కొంచెం పైమెట్టు ట్యాప్ బ్లాక్. మన పొట్ట పక్క గోడలో మూడు కండరాల పొరలుంటాయి. లోపలి రెండు పొరల మధ్య సందులోంచి పొట్ట ముందు భాగానికి నరాలు పోతాయి. ఆ సందులో మందు నింపితే ఆ వైపు పొట్ట గోడంతా మొద్దుబారుతుంది. 2001లో రఫీ అనే డాక్టర్ దీన్ని మొదట రాశాడు. తర్వాత అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో సూదిని కళ్లారా చూస్తూ ఇవ్వడం వచ్చింది. బరువు ఆపరేషన్లో రంధ్రాలు బొడ్డు పైభాగంలో ఉంటాయి కాబట్టి పక్కటెముకల కింద నుంచి ఇవ్వాలి. కింద నుంచి ఇస్తే పై రంధ్రాలకి అందదు. ఈ చిన్న తేడా వల్లే కొన్నిసార్లు "బ్లాక్ ఇచ్చారు గానీ పనిచెయ్యలేదు" అనే మాట వినపడుతుంది.

ఇంకో ఇబ్బంది, కొవ్వు మందంగా ఉంటే స్కానింగ్‌లో ఆ పొరలు మసక మసకగా కనిపిస్తాయి. అందుకే కొన్నిచోట్ల సర్జనే లోపలి కెమెరాతో చూస్తూ బయటి నుంచి సూది గుచ్చుతాడు. సందులోకి మందు వెళ్తుంటే లోపలి పొర బుడగలా ఉబ్బడం కెమెరాలో కనిపిస్తుంది. తెలివైన పద్ధతి. వెన్ను పక్కన కండరం కింద ఇచ్చే ఎరెక్టర్ స్పైనీ బ్లాక్ అని 2016లో ఇంకోటి వచ్చింది. పొట్ట లోపల జీర్ణాశయం మీద మందు చిమ్మడం కూడా ఉంది.

ఇవన్నీ విని "అయితే నొప్పే ఉండదన్నమాట" అనుకోకండి. రంధ్రాల దగ్గర ఇంజెక్షన్, ట్యాప్ బ్లాక్, రెండూ పొట్ట గోడ నొప్పికే. నేను మొదట చెప్పిన మూడు నొప్పుల్లో ఒకటి. లోపలి నొప్పి, భుజం నొప్పి అలాగే ఉంటాయి. పరిశోధనలు చూస్తే, ట్యాప్ బ్లాక్ ఇచ్చినవాళ్లకి మొదటి 24 గంటల్లో ఓపియాయిడ్ వాడకం తగ్గుతుంది, వాంతులు కూడా కొంత తగ్గుతాయి. అయితే రంధ్రాల చుట్టూ జాగ్రత్తగా ఇంజెక్షన్ చేసినదానితో పోలిస్తే బ్లాక్ అంత గొప్పగా ఏమీ గెలవట్లేదు. కాబట్టి ఎవరైనా "స్పెషల్ బ్లాక్ ప్యాకేజీ" అని ఎక్కువ డబ్బు అడిగితే, నా ఉద్దేశంలో రెండుసార్లు ఆలోచించండి. కొవ్వు బుడగల్లో నింపిన బుపివకైన్ కూడా ఉంది, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది, నెమ్మదిగా విడుదలై రోజుల తరబడి పనిచేస్తుందని ప్రచారం. ధర చాలా ఎక్కువ. 2021లో ఆ ప్రయోగాలన్నిటినీ కలిపి విశ్లేషిస్తే, మామూలు బుపివకైన్ కంటే చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. కొత్తది, ఖరీదైనది కాబట్టి మంచిదనుకునే అలవాటు ఫోన్లకే పరిమితం చేద్దాం.

ఇప్పుడు డోసు. ఇది జాగ్రత్తగా వినండి. బుపివకైన్ కిలోకి సుమారు 2 మిల్లీగ్రాముల దగ్గర ఆగాలని లెక్క. మన కుర్రాడు 140 కిలోలు. అంటే 280 మిల్లీగ్రాములా? కాదు. కొవ్వు కాకుండా, అతని ఎత్తుకి ఉండాల్సిన బరువు చూసి లెక్కేస్తాం. 165 సెంటీమీటర్ల మగవాడికి అది 61, 62 కిలోలు. అంటే దాదాపు 120 మిల్లీగ్రాములు. పావు శాతం మందులో మిల్లీలీటరుకి 2.5 మిల్లీగ్రాములుంటుంది, కాబట్టి మొత్తం 48 మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి. సర్జన్ రంధ్రాల దగ్గర ఇచ్చింది, మేం బ్లాక్‌లో ఇచ్చింది కలిపి. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఎవరికి వాళ్లు ఫుల్ డోసు ఇచ్చేస్తే ప్రమాదం. మంచి థియేటర్‌లో "నేనింత ఇస్తున్నా, మీకింత మిగిలింది" అని పైకే గట్టిగా చెప్పుకుంటారు.

ఎక్కువైతే ఏమవుతుంది? మెలకువగా ఉన్న మనిషికైతే ముందు నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము రుచి, చెవుల్లో హోరు. తర్వాత ఫిట్స్. ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. పూర్తి మత్తులో ఉన్న పేషెంటు ఇవేవీ చెప్పలేడు కదా. మానిటర్ మీద ఈసీజీ గీతే చెప్పాలి. దీనికి విరుగుడు ఏంటో తెలుసా? కొవ్వు. సోయా నూనెతో చేసే 20 శాతం లిపిడ్ ఎమల్షన్, తిండి తినలేనివాళ్లకి సెలైన్‌లా ఎక్కించే తెల్లటి సీసా. గై వైన్‌బర్గ్ అనే డాక్టర్ 1998లో ఎలుకల మీద దీన్ని చూపించాడు. 2006లో మనిషిని బతికించిన మొదటి రిపోర్టు వచ్చింది. రక్తంలోకి వెళ్లిన కొవ్వు ఆ మందును తనలోకి లాగేసుకుని గుండె నుంచి దూరం చేస్తుంది. కొవ్వు తగ్గించుకోవడానికి వచ్చిన మనిషిని ఆ టైమ్‌లో కాపాడేది కొవ్వే. బ్లాక్ ఇచ్చే ప్రతి థియేటర్‌లో ఆ సీసా చేతికందే దూరంలో ఉండాలి. మీ ఆసుపత్రిలో ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో ప్రాక్టికల్ విషయం. ఒక్కసారి ఇచ్చిన బ్లాక్ కొన్ని గంటలే. మధ్యాహ్నం ఆపరేషన్ అయితే, అర్ధరాత్రి దాటేసరికి మందు దిగిపోయి నొప్పి ఒక్కసారిగా తెలుస్తుంది. ఆ టైమ్‌లో కంగారుపడి పెద్ద ఓపియాయిడ్ డోసు వేస్తే ఇంతసేపు చేసిందంతా వృథా. అందుకే నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి మందు ఇస్తాం. పారాసిటమాల్ 6 గంటలకోసారి, నొప్పి ఉన్నా లేకపోయినా. వాంతులు రాకుండా ఆపరేషన్ మొదట్లోనే డెక్సామెథసోన్. అప్పటికీ ఆగకపోతే అప్పుడు కొంచెంగా ఓపియాయిడ్, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి, తల వైపు మంచం ఎత్తి, కళ్లముందు ఉంచుకుని. ఇంట్లో సీప్యాప్ మిషన్ వాడేవాళ్లయితే ఆసుపత్రికి తెచ్చుకోవాలి. బరువు ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకోవడం మీద 2016లో వచ్చి 2021లో మళ్లీ సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది కూడా ఈ రకం కలగలుపు పద్ధతే.

డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రల గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర నడుం పట్టేస్తే చీటీ లేకుండా ఇవే కొని వేసుకుంటాం. బైపాస్ రకం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇవి వేసుకుంటే, కుట్టు వేసిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. నెలలు, ఏళ్లు గడిచినా ఆ రిస్క్ పోదు. మెడికల్ షాపతనికి మీ ఆపరేషన్ సంగతి తెలీదు. మీరే చెప్పాలి.

"అయితే అసలు ఓపియాయిడ్ లేకుండానే చేసెయ్యొచ్చు కదా?" చేస్తున్నారు కొందరు, ఓపియాయిడ్ ఫ్రీ అని పేరు. నాకు ఆ బోర్డు అంతగా నచ్చదు. 2021లో వచ్చిన ఒక ఫ్రెంచ్ పరిశోధనలో ఓపియాయిడ్ బదులు డెక్స్‌మెడిటోమిడిన్ అనే మందు వాడితే, కొందరికి గుండె వేగం ప్రమాదకరంగా పడిపోయి ట్రయల్‌నే మధ్యలో ఆపాల్సొచ్చింది. తగ్గించడం వేరు, నిషేధించడం వేరు. ఇంకో కోణం కూడా ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం భయంతో మన దేశంలో ఏళ్ల తరబడి క్యాన్సర్ పేషెంట్లకి కూడా మార్ఫిన్ దొరక్క అల్లాడారు. 2014లో చట్టం సవరించి, మార్ఫిన్ సహా 6 మందుల్ని అత్యవసర మందులుగా గుర్తించి రూల్స్ సడలించారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగానికి వెళ్తే ఆ మందు విలువేంటో అర్థమవుతుంది. చివరి రోజుల్లో ఉన్న మనిషికి మార్ఫిన్ వరం. గురక పెట్టే 140 కిలోల 29 ఏళ్ల కుర్రాడికి మొదటి రాత్రి అదే మందు ఇంకో లెక్క.

అమెరికాలో ఏమైందో వినే ఉంటారు. అక్కడ ఒక్క 2021లోనే ఓపియాయిడ్ల వల్ల 80 వేలకు పైగా చనిపోయారు. అందులో ఎక్కువ దొంగ మార్కెట్ ఫెంటానిలే, నిజమే. కానీ డాక్టర్ చీటీలతో మొదలైన కథే అది. బరువు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లని ఏళ్లపాటు గమనించిన ఒక అమెరికన్ అధ్యయనం 2017లో వచ్చింది. ఆపరేషన్‌కి ముందు 14.7 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. 6 నెలలకి అది 12.9కి తగ్గింది. 7 ఏళ్లకి 20.3 శాతానికి పెరిగింది. బరువు తగ్గితే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయి, మాత్రలు తగ్గాలి కదా? తగ్గలేదు. ఆపరేషన్ తర్వాత వేరే నొప్పి మాత్రలు వేసుకోకూడదనడం కూడా ఒక కారణం కావచ్చంటారు. ఇంకోటి, బైపాస్ తర్వాత నోటితో వేసుకున్న మార్ఫిన్ రక్తంలోకి ముందుకంటే వేగంగా ఎక్కుతుంది. మందు కూడా అంతే, ఆల్కహాల్ సంగతి చెప్తున్నా. రెండు పెగ్గులకి ఎక్కనిది ఒక్కదానికే ఎక్కుతుంది. ఫ్రెండ్స్ పార్టీలో "ఒక్కటే రా" అంటారు. ఆ ఒక్కటి మునుపటి ఒక్కటి కాదు.

ఆసుపత్రికి వెళ్లేముందు మత్తు డాక్టర్‌ని కలవడం మీ హక్కు. సర్జన్‌తో గంట మాట్లాడి మత్తు డాక్టర్ మొహం థియేటర్లోనే చూసేవాళ్లు ఎక్కువ. గురక సంగతి చెప్పండి. ఇంట్లో ఎవరితోనైనా నిద్రలో మీ వీడియో ఒకటి తీయించి చూపించండి, ఆ ఒక్క వీడియో మాకు చాలా చెప్తుంది. గురక, పగలు అలసట, నిద్రలో ఊపిరి ఆగడం, బీపీ, బీఎంఐ, వయసు, మెడ కొలత, ఆడా మగా అని 8 ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది. మూడు, అంతకు మించి అవును అయితే నిద్ర పరీక్ష గురించి అడగండి. లోకల్ ఇంజెక్షన్ ఎవరిస్తారు, ఎక్కడ ఇస్తారు, రాత్రి ఆక్సిజన్ లెవెల్ ఎవరు చూస్తారని అడగండి. నిద్ర మాత్ర, మందు, గంజాయి, ఏది అలవాటున్నా చెప్పేయండి. మేం పోలీసులం కాదు.

ఇంటికొచ్చాక ఒకటి గుర్తు పెట్టుకోండి. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. రెండు మూడు రోజులయ్యాక తగ్గాల్సింది పెరుగుతుంటే, నాడి 120 దాటి కొట్టుకుంటుంటే, జ్వరం, ఆయాసం ఉంటే, అది స్టేపుల్ వేసిన చోట లీకేజీ కావచ్చు. నొప్పి మాత్ర వేసుకుని పడుకోకండి. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రైనా సరే.

చివరగా ఫ్లైట్ సంగతి చెప్తానన్నా కదా. డిశ్చార్జ్ చేసేటప్పుడు చాలాచోట్ల ట్రమడాల్ ఉన్న మాత్రలు రాస్తారు. 2018 ఏప్రిల్ నుంచి మన దేశంలో ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చింది. దుబాయ్, అబుదాబి వెళ్లేవాళ్లకి ఇంకా ముఖ్యం: యూఏఈలో ట్రమడాల్, కోడీన్ నియంత్రిత మందులు. తీసుకెళ్లాలంటే డాక్టర్ చీటీ, మెడికల్ రిపోర్టుతో పాటు అక్కడి అధికారుల దగ్గర ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. సెలవు మీద వచ్చి, ఇక్కడ ఆపరేషన్ చేయించుకుని, తిరిగి డ్యూటీకి వెళ్తున్నవాళ్లు మిగిలిన మాత్రల్ని అలవాటుగా బ్యాగులో పడెయ్యకండి. "మా తమ్ముడికి నడుం నొప్పి, ఈ షీటు అక్కడ ఇచ్చెయ్యి అన్నా" అని చెక్ ఇన్ లైన్లో ఎవరైనా ఇస్తే అస్సలు తీసుకోవద్దు. ఎంత దగ్గరి చుట్టమైనా సరే. అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో మాత్రలు ఎవరి బ్యాగులో దొరికితే కేసు వాళ్ల మీదే. అసలు డిశ్చార్జ్ అయ్యే రోజే డాక్టర్‌ని అడగండి: "నేను ఫలానా తారీఖు ఫ్లైటెక్కుతున్నా, ఎక్కొచ్చా, కాళ్లలో గడ్డలు కట్టకుండా ఇంజెక్షన్ ఎన్నాళ్లు తీసుకోవాలి, ట్రమడాల్ లేకుండా రాయగలరా?" అని. చాలామందికి అప్పటికి పారాసిటమాల్ సరిపోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ గురక మీదే మాట్లాడుకుందాం, నైట్ షిఫ్ట్ వాళ్ల నిద్ర గురించి. ఉంటానండి, నమస్తే.